టేపు చుట్టిన చోటు

మా కాక చనిపోయాడు. పొద్దున నేను పాఠాలు చెప్పే బడిలో ప్రార్థన ముగిసి పిల్లలు తరగతుల్లోకి పోతుండగా సెలవుకు నారాయణఖేడ్ వచ్చి ఉన్న మా తమ్ముడు, కాక కొడుకు, ఫోన్ చేశాడు. "అక్కా, బాపు పోయిండు. మొఖం కడుక్కుంట కడుక్కుంట నల్లా కాడ్నే కూలవడ్డడు. దవాఖానకు తీస్కవోయేటాలకే అయిపోయింది" అన్నాడు. వాడి గొంతులో ఏడుపు లేదు. చాలా రోజులుగా మోస్తున్నదేదో దింపుకున్న మనిషి అలసట ఉంది. నేను అప్పటికప్పుడు సెలవు పెట్టి సంగారెడ్డిలో బస్సెక్కాను.

కాక అంటే మా నాయన తమ్ముడు. మా ఊరు నాగల్‌గిద్ద అవతల, కర్ణాటక అంచున. ఊళ్ళో చిన్న బడి ఒక్కటే ఉండేది. అది దాటిన తర్వాత చదువుకోవాలంటే ఖేడ్‌కు రావాల్సిందే. మా నాయన కందిచేను వదిలి రాలేడు కాబట్టి నన్ను కాక ఇంట్లో దింపిపోయాడు. ఆ ఇంట్లోనే నేను పెద్దదాన్నయ్యాను. నన్ను కన్నది అమ్మానాయనలే గానీ, రోజూ అన్నం తిన్నానా లేదా అని చూసింది కాక, చిన్నమ్మ.

కాక బస్సు కండక్టరు. సరిహద్దు ఊళ్ళలో "హత్రి హత్రి" అని కన్నడంలో జనాన్ని ఎక్కించుకునేవాడు. ఖేడ్ దాటంగనే "ఎక్కుండ్రి, లోపటికి నడువుండ్రి" అని తెలుగులోకి దిగేవాడు. ఎవరు ఎక్కడ ఎక్కారో, ఎక్కడ దిగాలో బుర్రలోనే ఉండేది. టికెట్ల సంచిలో అడుగున ఒక టెస్టరు, రెండు స్క్రూడ్రైవర్లు, ఇంత నల్ల టేపు ఎప్పుడూ ఉండేవి. బస్సు ఆగిపోయే ఆఖరి ఊళ్ళో పడుకున్న ఇంటి ఫ్యానో, పొద్దున చాయ్ తాగిన హోటల్ రేడియోనో బాగు చేసి వచ్చేవాడు. పైసలు ఇయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "చాయ్ పోసినవ్ గదా, అయిపాయె."

సెలవు దొరికిన నాడు ఇంట్లో పాత దుప్పటి పరిచి దానిమీద ఏదో ఒకటి విప్పి కూర్చునేవాడు. టేబుల్ ఫ్యాను మోటారును చెవి దగ్గర పెట్టుకుని చేత్తో తిప్పుతూ కళ్ళు మూసుకుని వినేవాడు. నేను పక్కన కూర్చుని పుస్తకం చదువుకుంటుంటే, "చెడిపోయిందాన్ని గుద్దొద్దు బిడ్డా. గదేం చెప్తుందో జర విను" అనేవాడు. మా మిక్సీ ఒకసారి అట్లా విప్పితే చాలా రోజులు దుప్పటి మీదే ఉంది. చిన్నమ్మ రోలు ముందేసుకుని పచ్చడి నూరుతూ, "ఊరోళ్ళ మిక్సీలన్ని తిరుగుతయ్, మన మిక్సీ పండుకుంటది" అని సణిగేది. కాక తల ఎత్తేవాడు కాదు. అయినా ఆ మిక్సీ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

రిటైరైనాక పింఛను పేరుకే. తమ్ముడు హైదరాబాద్‌లో ఒక కంపెనీకి వ్యాను నడుపుతాడు, వాడి సంసారం వాడికే బరువు. చిన్నమ్మకు షుగరు, బీపీ. కంటికి శుక్లం వచ్చి పొయ్యి మీద పాలు పొంగినా కనపడేది కాదు. మొదట్లో కాక ఊరికే అరుగు మీద కూర్చునేవాడు. బస్సు హారను వినపడితే తల అటు తిరిగేది. ఒకరోజు చిన్నమ్మే అన్నది.

"ఎన్నేండ్లు ఊకె చేసినవ్. ఇగ గదే పనికి పైసల్ తీస్కో."

"మంది ఏమనుకుంటరు?"

"మంది పైసలిస్తరు. మంచిగ జేస్తే మల్ల వస్తరు. గింతే."

ముందు గదిలో బల్ల వేశారు. గోడ మీద ఫ్యాన్లు, మిక్సీలు, కూలర్లు బాగు చేస్తామని రాయించారు. కానీ ఎంత అని అడిగితే కాక నోరు పెగిలేది కాదు. తల వంచుకుని లోపలికి చూసి, "ఏమే" అని పిలిచేవాడు. చిన్నమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి బేరం మాట్లాడిపోయేది. మొదటి ఎండాకాలం సంపాదనతో ఆమె కంటికి ఆపరేషన్ చేయించాడు. కట్టు విప్పిన రోజు నేను అక్కడే ఉన్నాను. చిన్నమ్మ ఆయన ముఖం దగ్గరగా చూసి, "నువ్వు గింత ముసలోనివి ఎప్పుడైనవ్" అన్నది. కాక నవ్వాడు. ఆ రోజు బయట అరుగు మీద కూర్చుని నాతో ఒక మాట అన్నాడు. "కండక్టరుగున్నన్ని దినాలు నా సంచిల పైసలన్ని మందివే బిడ్డా. గిప్పుడు నా జేబులున్నయి నావి."

అంత తృప్తిగా ఆయన మాట్లాడటం నేను అదే చూశాను. మళ్ళీ చూడలేదు.

ఆ మరుసటి ఎండాకాలం నిప్పులు కురిపించింది. పాత కూలర్లు ఆటోల్లో, ట్రాలీల్లో వచ్చి గల్లీ పొడుగునా నిలబడ్డాయి. బడికి సెలవులిస్తే నేను వచ్చాను. కాక గుమ్మంలో నన్ను చూసి, "వచ్చినవా బిడ్డా" అని మళ్ళీ పనిలో పడ్డాడు. అన్నం నిలబడి తింటున్నాడు. మోటారును చెవి దగ్గర పెట్టుకోవడం ఆ వారమంతా నేను చూడలేదు. విప్పడం, మార్చడం, బిగించడం, తర్వాతది.

"కాకా, జర కూసో. మంచినీళ్ళన్న తాగు."

"మంది నిలవడ్డరు బిడ్డా. ఎండల నిలవడ్డరు."

ఆ వచ్చినవాళ్ళలో సిర్గాపూర్ దిక్కు నుంచి ఒక మేస్త్రీ ఉన్నాడు. హైదరాబాద్‌లో గోడలు కట్టే మనిషి. ఎండలకు పని ఆపి భార్యనూ చిన్న బిడ్డనూ తీసుకుని ఊరికి వచ్చాడు. పిల్లకు ఒళ్ళంతా చెమటకాయలు, ఏడుస్తూనే ఉందట. పాత కూలరు ఆటోలో వేసుకొచ్చి, "కాకా, గియ్యాల్నే కావాలె. పోరి పండుకుంట లేదు" అని బతిమాలాడు. కాక నీళ్ళ పంపు మార్చాడు, కొత్త తీగ వేశాడు. తీగ రేకులోంచి లోపలికి పోయే రంధ్రానికి ఒక రబ్బరు తొడగాలి. లేకపోతే రేకు అంచు తీగను కోస్తుంది. డబ్బాలో రబ్బర్లు అయిపోయాయి. మిట్టమధ్యాహ్నం, రబ్బర్లు అమ్మే దుకాణం మూసి ఉంది. కాక ఆ రంధ్రం దగ్గర టేపు చుట్టి ఇచ్చి పంపాడు.

నాలుగు రోజులకు ఒక ఆటో అతను కబురు తెచ్చాడు. మేస్త్రీ భార్య బిందెతో కూలర్లో నీళ్ళు పోస్తుండగా షాకు కొట్టింది. తడి చేతులు, తడి నేల. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. ఆటో అతను ఆ మాట చెప్పి, కాక ముఖం చూడలేక బండి స్టార్ట్ చేసుకుని పోయాడు. కాక ఆ రోజు బల్ల ముందు నుంచి లేచి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చిన్నమ్మ, "నీది గాకపోవచ్చు. ఇండ్లల్ల కరెంటు ఎట్లుంటదో నీకు ఎర్కలేదా" అని ఎంత చెప్పినా మళ్ళీ బల్ల ముందుకు పోలేదు.

కర్మలు అయినాక మేస్త్రీ వచ్చాడు. కొట్టడానికి వచ్చాడనుకుని చిన్నమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. అతను అరవలేదు. గడ్డం పెరిగిపోయి, ఎండకు నల్లబడి ఉన్నాడు. ఆటోలోంచి అదే కూలరును దింపి బల్ల ముందు పెట్టి నేల మీద కూర్చున్నాడు.

"కాకా, దీని ప్లగ్గు నేను కోసిన. మూడు పుల్లలది. మా ఇంటి బోర్డుల పట్టలే. ఎర్తు తీగ ఇడిసి, వట్టి రెండు తీగలు గుచ్చిన. ప్లగ్గు కొయ్యకుంటె మనిషి బతుకుతుండెనని మా ఊరి కరెంటాయన అంటుండు. ఒక్కసారి ఇప్పి జూడు. నేనే సంపిన్నా? నిజం చెప్పు."

కాక స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. నేను గుమ్మం పక్కన నిలబడి ఉన్నాను. రేకు విప్పి తీగను మెల్లగా లాగాడు. టేపు వేడికి మెత్తబడి జారిపోయి ఉంది. జారిన చోట తీగ పైతొడుగు రేకుకు రాసుకుని తెగి, లోపలి రాగి కనపడుతోంది.

ఆ తీగ కాక చేతిలో ఉంది. ఇది నీ ప్లగ్గు వల్లే అని ఒక్క మాట అంటే అక్కడితో అయిపోయేది. ఆ మాటలో అబద్ధం కూడా పూర్తిగా ఉండేది కాదు. మేస్త్రీ దాన్ని నమ్మడానికి సిద్ధపడే వచ్చాడు.

కాక తీగను అతని ముందు పెట్టాడు.

"నువ్వు గాదు, కొడుకా. ఇగో, గీడ జూడు. గీడ రబ్బరు తొడగాలె. నా దగ్గర అయిపోయిన్నయ్. టేపు చుట్టిన. గది జారింది."

"మరి ప్లగ్గు?"

"ప్లగ్గు అందరు కోస్తరు. మనిండ్లల్ల మూడు పుల్లల బోర్డులు ఎక్కడివి? కోస్తరని నాకు ఎర్కనే. ఎర్క ఉండి గూడ టేపుతోని సరిపెట్టిన. నీ చేతుల ఏం లేదు. తప్పు నాదే."

మేస్త్రీ ఆ తీగనే చూస్తూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. భార్య పోయిన నాటి నుంచి అతను ఏడవలేదని తర్వాత ఎవరో చెప్పారు. ఏడుపు ఆగాక లేచాడు. కాక కూడా లేచి నిలబడ్డాడు. దెబ్బ కోసం నిలబడ్డాడేమో, చేతులు రెండూ కిందికి వదిలేసి ఉన్నాడు.

"నీ మీద చెయ్యి ఎత్తను" అన్నాడు మేస్త్రీ. "పెద్దోనివి. కని నా ముంగటికి ఎన్నడు రాకు కాకా. మా ఊరి దిక్కు రాకు."

కాక తల ఊపాడు.

మేస్త్రీ ఊరుకున్నా అతని వాళ్ళు ఊరుకోలేదు. మరునాడు వచ్చి బల్ల విరగ్గొట్టారు, గోడ మీద రాతకు పేడ కొట్టారు. పోలీసులు వచ్చి కాకను తీసుకుపోయారు. అక్కడ కూడా అదే మాట చెప్పాడు. చివరికి పెద్దమనుషులు కూర్చుని రాజీ కుదిర్చారు. కాక ఇంటి వెనక ఉన్న కాస్త జాగా అమ్మి, ఆ డబ్బు ఆ తల్లి లేని పిల్ల పేరున వేయించాడు. తమ్ముడు హైదరాబాద్ నుంచి ఉరికొచ్చి గొంతు చించుకున్నాడు.

"ఎందుకు ఒప్పుకున్నవ్ బాపూ? వాడే ప్లగ్గు కోసిన్నని చెప్తుండె గదా! నువ్వు సప్పుడు జెయ్యకుంటె ఎవలికి తెలుస్తుండె?"

కాక అన్నాడు. "గా పిలగాడు జన్మంత నేనే సంపిననుకుంట బతుకుతుండె. పొద్దున లేస్తె గా పిల్ల మొఖం చూడాలె వాడు. ఎట్ల చూస్తడు? నాదేముందిరా. నేను ముసలోన్ని."

తమ్ముడికి ఆ జవాబు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు. వాడిని నేను తప్పుపట్టను. ఆ ఇంటి బరువు పడ్డది వాడి మీదే.

ఆ తర్వాత కాక చేసిన పని ఊళ్ళో చాలామందికి తెలియదు. ఆ ఎండాకాలం తను బాగు చేసిన కూలర్లు ఎవరెవరివో ఆయన ఎక్కడా రాసుకోలేదు. అవసరం లేదు. కండక్టరు బుర్ర. ఏ గల్లీ, ఏ ఊరు, ఎవరి ఇల్లు, అన్నీ తెలుసు. రబ్బర్లు ఒక సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఆ ఒక్క ఊరు తప్ప. రెండు మూడు రోజులు నేనూ వెంట పోయాను. కొందరు లోపలికి రానిచ్చారు. కొందరు, "మల్ల పైసలకు వచ్చినవా" అన్నారు. బోరంచ దారిలో ఒక ఇంట్లో చంటిపిల్లను ఎత్తుకున్న కోడలు గుమ్మంలోనే ఆపేసింది.

"వద్దు తాతా. మా కూలరు ముట్టకు నువ్వు."

కాక రెండు చేతులు జోడించాడు. "ముట్టనమ్మా. నువ్వే జూడు. బోర్డు కాడ బంద్ చెయ్యి ముందు. తీగ పీకెయ్యి. ఆ, గా తొర్ర కాడ నల్లది రబ్బరు ఉన్నదా? గట్టిగున్నదా?" ఎండలో వాకిట్లో నిలబడి ఒక్కొక్కటే చెప్పాడు. ఆమె చూసి ఉన్నదన్నది. "సల్లగుండు బిడ్డా" అని వెనక్కి తిరిగాడు.

ఇంకో ఇంట్లో మాత్రం రబ్బరు లేదు. టేపే ఉంది. అది కూడా సగం జారి ఉంది. కాక దాన్ని చూసి ఆ ఇంటి నేల మీద కూర్చుండిపోయాడు. "ఇంగొకటి" అన్నాడు నాతో. ఆ ఇంటామె ఇచ్చిన మజ్జిగ గ్లాసు పక్కన పెట్టాడు. ఆ టేపు విప్పి, రబ్బరు తొడిగి, తీగ మార్చి వచ్చాం. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అన్నాడు. "ఊకె చేసిన దినాల్ల ఒక్క ఫ్యానుకు దినమంత కూసుంటుంటి బిడ్డా. పైసల్ తీస్కున్నంక చేతికి తొందరొచ్చింది. పైసలది తప్పు గాదు. తొందర నాది."

ఆ మాట నేను చాలాసార్లు తలుచుకున్నాను. ఎవరి పాలు ఎంతో తూకం వేయడం నాకు చేతకాదు. మేస్త్రీ ఇంటి కరెంటు సరిగ్గా ఉంటే అతని భార్య బతికేదేమో. రబ్బరు ఉంటే తప్పకుండా బతికేది. కాక ఆ రెండో దాని దగ్గరే ఆగిపోయాడు. మొదటి మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

ఆ తర్వాత కరెంటు వస్తువు దేన్నీ ముట్టలేదు. మేం ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం ఆమె ఒకరోజు తన మిక్సీ చంకన పెట్టుకుని వచ్చింది. జనం చూస్తుండగా కావాలనే వచ్చిందనుకుంటాను.

"భాయ్, జర దీన్ని జూడు. నాకేం భయం లేదు."

"నాకున్నది బహెన్" అన్నాడు కాక.

ఆమె ఆ మిక్సీని అట్లాగే చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. మరునాడు విరిగిన గొడుగు తెచ్చింది. కాక దాన్ని తీసుకున్నాడు. అట్లా మొదలై గొడుగులు, తాళాలు, పెట్టె గొళ్ళాలు, స్టవ్వు బర్నర్లు వచ్చేవి. "కరెంటు లేనిదేదైన తే" అనేవాడు. వాటితో వచ్చేది మందులకు కూడా చాలదు. అందుకని చిన్నమ్మ జొన్నరొట్టెలు చేసి అమ్మడం మొదలుపెట్టింది. ఆపరేషన్ చేయించుకున్న కన్ను పొగకు ఎర్రబడి నీరు కారేది. కాక పొయ్యి ముందు కూర్చుని కట్టెలు ఎగదోస్తూ, రొట్టెలు లెక్కపెట్టి బట్టలో చుట్టి ఇచ్చేవాడు. నేను వెళ్ళినప్పుడల్లా ఆయన ఇంకాస్త చిన్నగా కనిపించేవాడు. చొక్కా భుజాల మీంచి జారుతుండేది.

దహనం రోజు గల్లీలో వాళ్ళు వచ్చారు. పాత డ్రైవర్లు కొందరు వచ్చారు. ఖాలా కొడుకు పాడెకు భుజం ఇచ్చాడు. మేస్త్రీ రాలేదు. వస్తాడని నేను అనుకోలేదు, రావాలని కూడా అనుకోలేదు. కాక ఆ ఊరి దిక్కు పోనని మాట ఇచ్చాడు, నిలబెట్టుకున్నాడు. అతను తన మాట మీద ఉన్నాడు. అట్లా జరగడమే న్యాయమేమో.

ఖేడ్‌లో ఇప్పటికీ కొందరు మా కాకను ఒక ప్రాణం తీసినవాడనే తలుచుకుంటారు. ఆ మాట నేను కొట్టెయ్యలేను, కాకే కొట్టెయ్యలేదు. నాకు తెలిసిన మిగతాది కూడా ఒకచోట ఉండాలని ఇది రాశాను.

ఆయనను నేను చివరిసారి చూసింది ఈ వానాకాలంలో. ఆదివారం మాపటి వేళ వెళ్ళాను. కాకకు నిద్ర పట్టడం లేదని చిన్నమ్మ చెప్పింది. పండుకున్నా కళ్ళు తెరిచే ఉంటాడట. ఏ ఇంట్లోనైనా ఎవరైనా గట్టిగా పిలిస్తే లేచి కూర్చుంటాడట. మేం మాట్లాడుతుండగానే పెద్ద వాన మొదలైంది. ఒక్కసారి ఉరిమి, ఊరంతా కరెంటు పోయింది. ఎక్కడి ఫ్యాన్లు అక్కడ, ఎక్కడి టీవీలు అక్కడ ఆగిపోయాయి. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్న కాక బయటికి చూసి, "బందయింది" అన్నాడు. "ఇగ ఎవ్వలకేం గాదు." అని తల గోడకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి గురక వినిపించింది. ఒళ్ళో చేతులు రెండూ వెల్లకిలా తెరుచుకుని ఉన్నాయి.

నేనూ చిన్నమ్మా కదలకుండా కూర్చున్నాం. వాన తగ్గాక ఊరి అవతలి గల్లీలో కరెంటు వచ్చింది. తర్వాత దాని పక్క గల్లీలో. వెలుగు ఒక్కో గల్లీనే దాటుకుంటూ మా వైపు వస్తోంది. చిన్నమ్మ లేచి, చప్పుడు కాకుండా పోయి మా ఇంటి మెయిను స్విచ్చి ఆపేసి వచ్చింది. మా గల్లీ అంతా వెలిగింది. మా ఇంట్లో మాత్రం చీకట్లో ఆయన నిద్రపోతూనే ఉన్నాడు.